ఆ 180 గంటల్లో మీరేం చేశారు?

రెజ్యూమె చివర్లో ఒక లైను ఉంటుంది. ‘ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్’, ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పూర్తిచేశాను’, ‘రక్తదాన శిబిరంలో పాల్గొన్నాను’.. ఇలా ఏదో ఒకటి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు సరిగ్గా ఆ లైను దగ్గరే ఆగి, ‘అక్కడ మీరు చేసిన పనేంటి?’ అని అడిగారనుకోండి. చాలామంది దగ్గర చెప్పడానికి రెండో వాక్యం ఉండదు. ర్యాలీలో నడిచాం, మొక్క నాటాం, ఫొటో దిగాం.. అంతే.

మనసు లేక కాదు. ఎవరికి ఏం కావాలో, అందులో మనం ఏం చేయగలమో తేల్చుకోకుండా దిగిపోవడం వల్ల ఇలా అవుతుంది. రాజమహేంద్రవరం, అమలాపురం, కాకినాడ, భీమవరం, ఏలూరు.. గోదావరి జిల్లాల్లో ఎక్కడ చదువుతున్నా మీ చుట్టూ పనికి కొదవ లేదు. వరదొస్తే దారి మునిగిపోయే లంకలున్నాయి. మంచినీళ్లకు ఇబ్బంది పడే తీరప్రాంత ఊళ్లున్నాయి. రాసిపెట్టేవాళ్లు దొరక్క పరీక్షకు కంగారుపడే అంధ విద్యార్థులున్నారు. మీ చదువును ఇలాంటి ఒక్క పనికి జోడించగలిగితే ఊరికీ మీకూ మిగిలేది సర్టిఫికెట్టు కంటే ఎక్కువే.

సేవ సిలబస్‌లోనే ఉంది

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు సేవ ఇప్పుడు ఖాళీ దొరికితే చేసేది కాదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన పాఠ్య ప్రణాళికతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోర్సులో భాగమైంది. మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో 180 గంటలు. దీనికి 4 క్రెడిట్లు. ముందు ఊళ్లో సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమాలు, ఆపైన ఊరివాళ్లతో కలిసి ఒక పని, చివర్లో రిపోర్టు. లాగ్‌బుక్ రాయాలి. మెంటర్‌గా ఒక అధ్యాపకుడు ఉంటారు. ప్రజెంటేషన్ ఇవ్వాలి.

కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో ఏం జరుగుతోందో మీకు తెలియంది కాదు. సీనియర్ రిపోర్టు తెచ్చుకుని ఊరి పేరు మార్చేవాళ్లున్నారు. ప్రశ్నావళిని ఇంట్లో కూర్చునే నింపేసేవాళ్లున్నారు. నిజంగా ఊళ్లోకి వెళ్లినవాళ్లకు ఇంకో ఇబ్బంది. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ, ‘మొన్నా ఇలాగే పిల్లలొచ్చి అన్నీ రాసుకెళ్లారండి.. మళ్లీ ఎవరూ కనపళ్లేదు’ అంటే ఏం చెబుతాం?

దీనికి విరుగుడు ఒక్కటే. ఊళ్లో రాసుకున్నది తిరిగి ఊరికే చెప్పాలి. 40 ప్రశ్నలతో వెళ్లి ఏదీ తేల్చకుండా రావడం కంటే ఒక్క ప్రశ్నతో వెళ్లి దానికి జవాబు ఇచ్చి రావడం మేలు. ఆ ప్రశ్న మీ సబ్జెక్టు నుంచి పుడితే ఇంకా మేలు.

మీ గ్రూపు ఏదైనా పనుంది

కెమిస్ట్రీ చదువుతున్నారా? నీళ్ల పరీక్ష చేయండి. సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. రొయ్యల, చేపల చెరువులు పెరిగినచోట మంచినీటి కష్టం మరింత ఎక్కువైంది. పీహెచ్, టీడీఎస్, క్లోరైడు పరీక్షలు కాలేజీ ల్యాబులో చేయదగ్గవే. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, క్లోరైడు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే వరుసగా 2,000, 1,000 వరకు సరిపెట్టుకోవచ్చు. ఒక ఊళ్లోని 20 చేతిపంపుల నీళ్లు పరీక్షించి, ఏ పంపు నీళ్లు ఎలా ఉన్నాయో తెలుగులో పట్టిక రాసి పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ఇవ్వండి. మీది అధికారిక పరీక్ష కాదు కాబట్టి, అనుమానం ఉన్నవాటిని మళ్లీ పరీక్షించమని అడగండి. అది చాలు.

కామర్స్ అయితే డ్వాక్రా సంఘాలున్నాయి. పొదుపెంత, అప్పెంత, వడ్డీ ఎంత అనేది సంఘంలో ఒకరిద్దరికే అర్థమవుతుంది. మిగతావాళ్లు వాళ్ల మీద నమ్మకంతో సంతకం పెడతారు. నెలకోసారి వెళ్లి పుస్తకం చదివి వినిపిస్తే, లెక్క అందరిదీ అవుతుంది.

కంప్యూటర్స్ అయితే ఫోనులో మోసాల గురించి పెద్దవాళ్లకు చెప్పొచ్చు. మైకు పట్టుకుని ఉపన్యాసం వద్దు. పక్కన కూర్చుని వాళ్ల ఫోనులోనే చూపించాలి. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదని, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని వాళ్లచేత నాలుగుసార్లు చెప్పించాలి.

ఆర్ట్స్ వాళ్లకు గొంతుంది, చేతిరాత ఉంది. అంధ విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇవ్వొచ్చు. పరీక్షల్లో స్క్రైబుగా వెళ్లొచ్చు. స్క్రైబు అర్హతలు పరీక్షను బట్టి మారతాయి. ముందే కనుక్కోండి. చూపు లేని అభ్యర్థికి గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. అయినా ఆ పూట వస్తానని రాకుండా పోయిన స్క్రైబు వల్ల ఒకరి ఏడాది పోవచ్చు. మాటిచ్చాక మానకూడదన్నది ఇక్కడ మొదటి నియమం.

ఏ గ్రూపువాళ్లయినా చేయగలిగింది రక్తదానం. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే అర్హులే. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. కాలేజీలకు సెలవులిస్తే శిబిరాలు తగ్గుతాయి. తలసీమియా పిల్లలకు మాత్రం సెలవుల్లేవు. వాళ్లలో చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. పుట్టినరోజు నాడు ఇచ్చే యూనిట్ కంటే, మే నెలలో బ్లడ్‌బ్యాంకు నుంచి ఫోన్ రాగానే వెళ్లి ఇచ్చే యూనిట్ విలువ ఎక్కువ.

ఎర్రనీరు రాకముందే

వేసవి ప్రాజెక్టు ముగిసేసరికి గోదాట్లో ఎర్రనీరు దిగే రోజులు దగ్గరపడతాయి. డెల్టా విద్యార్థికి ఇంతకంటే సరైన సందర్భం ఉండదు.

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. ఈ అంకెలు టీవీలో కింద పరుగెడుతూ పోతాయి. కానీ రెండో హెచ్చరిక అంటే మన ఊరి కాజ్‌వే మీద నీళ్లెంత? మూడోదానికి ముందు మునిగే వీధి ఏది? ఇది ఊళ్లో పెద్దవాళ్ల బుర్రల్లో ఉంటుంది. కాగితం మీద మాత్రం చాలాచోట్ల ఉండదు.

ఆ కాగితం మీరు తయారుచేయండి. 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2022లో ఎక్కడిదాకా వచ్చాయి అని నలుగురు పెద్దల్ని అడగండి. గుడి మెట్టు, బడి గోడ, ఏటిగట్టు మీద రావిచెట్టు.. గుర్తులు వాళ్లే చెబుతారు. వాటిని ఊరి పటం మీద పెట్టండి. తర్వాత ఇళ్ల జాబితా. మంచంపట్టిన వాళ్లున్న ఇల్లు, నెలలు నిండిన గర్భిణి ఉన్న ఇల్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లున్న ఇల్లు, పశువులెన్ని, పడవలు ఎవరికున్నాయి, ఈత ఎవరికొచ్చు. ఒక చిన్న లంకకు నలుగురు విద్యార్థులు వారంలో చేయగల పని ఇది. ఆ జాబితా సచివాలయానికి, ఆశా కార్యకర్తకు ఇవ్వండి. వాట్సప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. అందులో జనం ఆరోగ్య వివరాలుంటాయి.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక ఘటన చాలు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. అధికారుల లెక్క ప్రకారం అందులో 77 మంది ఉన్నారు. బతికి బయటపడింది 26 మంది. వాళ్ల దగ్గరికి ముందుగా చేరింది ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాల వాళ్లు, వాళ్ల నాటు పడవలు. సుశిక్షిత బృందాలు రావడానికి సమయం పడుతుంది. మొదటి గంటలో ఆదుకునేది పక్కనున్నవాళ్లే. ఆ పక్కనున్నవాళ్లు ఎంత సిద్ధంగా ఉన్నారన్నదే ప్రశ్న.

ఉత్సాహం సరే.. శిక్షణ ఏదీ?

జపాన్‌లోని కోబేలో 1995 జనవరి 17న పెద్ద భూకంపం వచ్చింది. సాయం చేయడానికి ఆ ఏడాది పది లక్షల మందికి పైగా తరలివెళ్లారు. అందులో యువత ఎక్కువ. ఆ దేశం 1995ను వాలంటీర్ల తొలి ఏడాదిగా గుర్తుపెట్టుకుంది. అదే సమయంలో ఒక పాఠమూ నేర్చుకుంది. ఎవరు ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో చెప్పేవాళ్లు లేకపోతే వచ్చిన జనమే భారమవుతారు. ఆ తర్వాత విపత్తు వస్తే ముందు వాలంటీర్ కేంద్రం తెరవడం, వచ్చినవాళ్లు అక్కడ పేరు నమోదు చేసుకుని అప్పగించిన పనికే వెళ్లడం అక్కడ అలవాటుగా మారింది.

మన దగ్గరా దారులున్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర పథకం ప్రారంభించింది. 18 నుంచి 40 ఏళ్ల లోపు వారికి 12 రోజుల శిక్షణ. ప్రథమ చికిత్స, వరదల్లో రక్షణ, గాలింపు వంటివి నేర్పుతారు. తర్వాత దీన్ని 350 జిల్లాల్లో లక్ష మందికి విస్తరించారు. యువ ఆపద మిత్ర పేరుతో వచ్చిన కొత్త పథకం ప్రధానంగా ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రాలు, స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉన్నవాళ్ల కోసమే. 315 జిల్లాల్లో 2.37 లక్షల మందికి శిక్షణ లక్ష్యం. మీ జిల్లాలో శిక్షణ ఎప్పుడో కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగంలోనో, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ దగ్గరో కనుక్కోండి.

ఈలోగా సీపీఆర్ నేర్చుకోండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. చదివితే రాదు. బొమ్మ మీద సాధన చేయాలి. రెడ్‌క్రాస్, 108 సిబ్బంది సాయంతో కాలేజీలోనే ఒక పూట శిక్షణ పెట్టించుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఈత వచ్చినంత మాత్రాన మునిగేవాళ్లను కాపాడటం రాదు. శిక్షణ లేకుండా వరద నీటిలోకి దిగకండి. గట్టు మీద నుంచే తాడు, కొబ్బరి డొలక, ఖాళీ డబ్బా విసరండి. 112కి గానీ, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూం 1070కి గానీ ఫోన్ చేయండి. భోజనం ప్యాకింగు, మందుల జాబితా, పునరావాస కేంద్రంలో పిల్లల్ని చూసుకోవడం.. ఇవీ సేవే. ఫొటోలో కనపడకపోవచ్చు, అంతే.

ఈ నేలకు కొత్తేం కాదు

గోదావరి తీరంలో కుర్రాళ్లు ఊరి పనికి నడుం కట్టడం ఇవాళ్టిది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరి పెద్దలు చాలామంది ఎదురుతిరిగారు. ఆయన వెంట నిలిచినవారిలో విద్యార్థులున్నారు. నాళం కృష్ణారావు 1898లో అదే ఊళ్లో వసురాయ గ్రంథాలయం మొదలుపెట్టేటప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. అదే తర్వాత మరో గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయం అయింది. పోటీ పరీక్షలకు గ్రంథాలయాల్లో కూర్చుని చదివే మీకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. గన్నవరం లంకల్లో దారినపోయేవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఉంది. వీళ్లెవరూ వారోత్సవాలకు చేసి ఊరుకున్నవాళ్లు కాదు. ఏళ్ల తరబడి చేశారు.

వాలంటీర్ అంటే ఉద్యోగమా?

మన రాష్ట్రంలో ఈ మాటకు ఇంకో అర్థం కూడా వచ్చింది. 2019 ఆగస్టులో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. చదువుకున్న చాలామంది యువత అందులో చేరారు. 2024లో ప్రభుత్వం మారాక పింఛన్ల పంపిణీ సచివాలయ సిబ్బందికి వెళ్లింది. ఆ వ్యవస్థ ఆగిపోయింది. దాని మంచిచెడ్డల మీద వాదనలు వేరు. ఉద్యోగార్థులకు అందులో ఉన్న పాఠం వేరు. గౌరవ వేతనం మీద నడిచే పని శాశ్వత ఉద్యోగం కాదు. చేరేటప్పుడే కాలపరిమితి ఏంటి, ఆదేశం ఎవరిది, పనికి గుర్తింపు పత్రం ఇస్తారా అని అడగాలి. అలాగని ఆ అనుభవం వృథా కాదు. 50 ఇళ్ల వాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడి పని చేసినవాళ్లకు మైక్రోఫైనాన్స్, బీమా, ఆరోగ్య సర్వే రంగాల్లో చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. ఎలా చెప్పుకోవాలో తెలియాలి.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

రెండు జవాబులు చూడండి. ‘నేను సామాజిక సేవలో చురుగ్గా పాల్గొన్నాను సార్. దానివల్ల నాయకత్వ లక్షణాలు పెరిగాయి.’ ఇది మొదటిది. ‘మా బృందం నలుగురం సార్. ఒక లంకలో 120 ఇళ్లు తిరిగాం. వరదలో ముందు తరలించాల్సినవాళ్ల జాబితా చేశాం. మొదట మగవాళ్లతోనే మాట్లాడాం, గర్భిణుల వివరాలు రాలేదు. రెండోసారి అమ్మాయిలు వెళ్లాక వచ్చాయి. జాబితా సచివాలయంలో ఇచ్చాం.’ ఇది రెండోది. ఇందులో పొగడ్త లేదు. అంకె ఉంది, ఎదురైన ఇబ్బంది ఉంది, దాన్ని సరిదిద్దుకున్న తీరు ఉంది. నాయకత్వం ఉందా లేదా అన్నది వినేవాళ్లే తేల్చుకుంటారు. ఒక్క షరతు. అంకె నిజమైనదై ఉండాలి. రెండు ఎదురుప్రశ్నలకు అబద్ధం నిలవదు.

నేరుగా కలిసొచ్చే లాభాలూ కొన్ని ఉన్నాయి. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా దరఖాస్తు చేయొచ్చు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూనే. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ జీడీ నియామకాల్లో ‘సి’ సర్టిఫికెట్‌కు 5 శాతం, ‘బి’కి 3 శాతం, ‘ఎ’కి 2 శాతం ప్రోత్సాహక మార్కులు ఇస్తున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్ ఎక్కడ పనికొస్తుందో ఆయా ప్రవేశాల, నియామకాల నోటిఫికేషన్లో చూసుకోవాలి.

ఈ రంగంలోనే స్థిరపడాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. డిగ్రీ అయ్యాక ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలల గ్రామీణ ఫెలోషిప్ ఇస్తోంది. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ రెండేళ్లు. రెండింటిలోనూ నెలనెలా భృతి ఉంటుంది. ఎంపికలో మీరు మాటలు చెప్పేవాళ్లా, పనిచేసి వచ్చినవాళ్లా అని చూస్తారు.

‘గ్రూప్స్‌కి చదవాలా, సేవ చేయాలా’ అంటారా? 1969 సెప్టెంబరు 24న మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ లెక్కే చూడండి. రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల శిబిరం. అంటే వారానికి రెండున్నర గంటల లోపే. ఫోనులో రీల్స్‌కు పోయే సమయం ఇంతకంటే తక్కువేం కాదు. పరీక్ష దగ్గరపడితే ఆపండి, తప్పు లేదు. కానీ మానేస్తున్నట్టు ముందే చెప్పి, మీ పని ఇంకొకరికి అప్పగించి వెళ్లండి.

పుష్కరాలు వస్తున్నాయి

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. 2015లో మొదటిరోజే, జులై 14న, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మందికి పైగా చనిపోయారు. నదికి రేవులెన్నో ఉన్నా జనం ఒక్కచోటే కిక్కిరిశారు. ఈసారీ లక్షల మంది వస్తారు. రైలు దిగినవాళ్లకు ఏ ఘాట్‌కు వెళ్లాలో చెప్పడానికి, తప్పిపోయిన పిల్లాణ్ని తల్లిదగ్గరికి చేర్చడానికి, ఒక దారి నిండగానే పోలీసులకు కబురు చెప్పడానికి, సొమ్మసిల్లిన పెద్దాయనకు ప్రథమ చికిత్స చేయడానికి మనుషులు కావాలి. హిందీ, తమిళం, ఒడియా వచ్చినవాళ్లయితే మరీ మంచిది. ఆ పన్నెండు రోజుల ముందు చొక్కా, బ్యాడ్జీ ఇస్తే ఎవరైనా నిలబడతారు. తోపులాటలో ఏం చేయాలో తెలిసినవాళ్లు మాత్రం ఒక్కరోజులో తయారుకారు.

కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ను కలిసి, ప్రథమ చికిత్స శిక్షణ ఎప్పుడో అడగండి. ముగ్గురు స్నేహితులతో కలిసి దగ్గర్లోని ఒక ఊరు, ఒకే ఒక్క ప్రశ్న ఎంచుకోండి. ఒక నోటుపుస్తకం కొనండి. తేదీ, వెళ్లిన చోటు, చేసిన పని, పట్టిన సమయం ఏరోజుకారోజు రాయండి. రిపోర్టు దాన్నుంచే వస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పాల్సిన రెండో వాక్యం కూడా అందులోనే ఉంటుంది.